బంగాళాఖాతమున మునిగిన విమానము
(డాలీగంజ్‌లోని తెలుగువారి సభయందు చేసిన ఉపన్యాసము)



డాలీగంజ్ వాసులకు విమానధ్వని క్రొత్త కాదు. విమానాశ్రయము చేరువలోనే యుండుటచేత ప్రతిదినము విమానములు వచ్చుటయు పోవుటయు ఇచ్చట పిల్లలకును పరిచితమే. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాలనుండి వచ్చి ఈ ద్వీపములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఒకప్పుడు ఓడయే శరణ్యము. ఓడపై రెండు మూడు దినములు పట్టు దూరమును విమానము రెండు గంటలకు తగ్గించినది. పెండ్లికైనను, బదిలీకైనను, ఆప్తుల కడసారి చూపునకైనను నేడు ఆకాశమార్గమే ఆధారము. కావున ఈ మార్గమున జరిగిన ప్రమాదముల చరిత్ర ఇచ్చటి వారికి పరాయి చరిత్ర కాదు.

2016 జూలై 22వ తేదీ ఉదయము సుమారు ఎనిమిదిన్నర గంటలకు చెన్నై సమీపమునగల తాంబరమునుండి భారత వాయుసేనకు చెందిన ఏఎన్-32 విమానము పోర్టు బ్లెయిరునకు బయలుదేరినది. అందు 29 మంది కలరు. వాయుసేన, పదాతిదళము, నౌకాదళము, తీరరక్షకదళములకు చెందినవారితోపాటు విశాఖపట్టణమునందలి నౌకాదళ ఆయుధ డిపోలో పనిచేయు ఎనిమిదిమంది పౌర ఉద్యోగులును ఆ విమానమున ఉండిరి. వారు యుద్ధమునకు పోవువారు కారు. ఉత్తరువు చేతబట్టుకొని, ఇంటివారితో నాలుగు దినములలో వత్తుమని చెప్పి, పనిమీద పోవు ఉద్యోగులవంటివారే. మధ్యాహ్నమునకు ముందే పోర్టు బ్లెయిరున దిగవలసిన ఆ విమానము దిగలేదు.

ఉష్ణమండల సముద్రములపై వర్షాకాలమున విమానచోదకునకు ప్రధాన శత్రువు క్యూమలోనింబస్ మేఘము. వెచ్చని సముద్రమునుండి లేచిన ఆవిరి అతివేగముగ పైకెగసి, పదునైదు కిలోమీటర్లకు మించిన ఎత్తువరకు గోపురమువలె పెరుగును. దాని గర్భమున గాలి ఒకచోట పైకిని, ప్రక్కనే క్రిందికిని ప్రచండముగ వీచును. పైభాగమున నీరు మంచుగడ్డయై యుండును. అందుచేత అనుభవజ్ఞుడగు చోదకుడు ఆ మేఘమును చీల్చుకొని పోవక, చుట్టివచ్చుటకే యత్నించును. నాటి విమానచోదకుడును దట్టమైన మేఘమును తప్పించుకొనుటకై కుడివైపునకు మరలుదునని కోరినట్లు పార్లమెంటునకు తెలుపబడినది. కాని రాడారుపై కనిపించినది వేరు. 23,000 అడుగుల ఎత్తున పోవుచుండిన విమానము ఎడమకు తిరిగి, వేగముగ ఎత్తు కోల్పోయి, ఉదయము తొమ్మిది గంటల పండ్రెండు నిమిషములకు అదృశ్యమైనది.

వెదకుటలో లోపము జరుగలేదు. నౌకలు, విమానములు, ఒక జలాంతర్గామి సముద్రమును గాలించినవి. ఉపగ్రహ ఛాయాచిత్రములు పరిశీలింపబడినవి. సాగర్ నిధి, సముద్ర రత్నాకర్ అను పరిశోధన నౌకలు రప్పింపబడినవి. ఒక్క ముక్కయైనను దొరకలేదు. ఆ సెప్టెంబరు మాసమున 29 మందియు మరణించినట్లు భావింపవలసినదని కుటుంబములకు తెలియజేయబడినది.

ఏల దొరకలేదు? ఆపదలో విమానమునుండి రేడియో సంకేతము పంపు పరికరము ఒకటి కలదు. నేలపై పడినచో అది ఉపగ్రహమునకు వార్త నందించును. కాని ఉప్పునీటిలో రేడియో తరంగములు సాగవు. శబ్దము మాత్రమే సాగును. అందుకొరకు నీటిలో మునిగినంతనే తనంతట తాను శబ్దము చేయు చిన్న యంత్రమొకటి వేరుగ కలదు. అది ఆ విమానమునకు అమర్చబడియుండలేదు.

దాని విలువ ఎట్టిదో అంతకు ఒక సంవత్సరము ముందు జరిగిన సంఘటన తెలుపును. 2015 జూన్ 8న తీరరక్షకదళపు డోర్నియర్ విమానము ముగ్గురు వ్యక్తులతో తమిళనాడు తీరమునకు దూరమున సముద్రమున కూలినది. దాని శబ్దయంత్రపు ధ్వనిని సింధుధ్వజ్ అను జలాంతర్గామి ఆలకించినది. జూలై మాసముననే శిథిలములును, ప్రయాణ వివరములు నమోదుచేయు పెట్టెయు లభించినవి. ఆ ధ్వని లేనిచో ఏమగునో 1986 మార్చి 25నాటి ప్రమాదము చెప్పును. నాడు ఏడుగురితో అరేబియా సముద్రముపై జామ్‌నగరునకు వచ్చుచుండిన మరియొక ఏఎన్-32 విమానము మాయమైనది. దాని జాడ తెలియలేదు.

శబ్దయంత్రము ఉన్నంతమాత్రమున సర్వము సుకరమగునని చెప్పరాదు. 2009 జూన్ 1న అట్లాంటిక్ ఉష్ణమండలమున 228 మందితో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ విమానమునకు అట్టి యంత్రము లున్నను వాటి ధ్వని చెవిబడలేదు. అయినను వెదకుట విడువక, 2011లో సుమారు 3,900 మీటర్ల లోతున శిథిలములను కనుగొనిరి. వేగమును కొలుచు గొట్టములలో మంచు పేరుకొనుటయు, అటుపిమ్మట చోదకులు పొరపడుటయు పెట్టెలవలన బయటపడినవి. చోదకుల శిక్షణలో మార్పులు వచ్చినవి. పౌర విమానముల శబ్దయంత్రము 30 దినములకు బదులు 90 దినములు పనిచేయవలెనను నియమమును ఏర్పడినది. దొరికిన శిథిలము ముందు ప్రయాణించువారిని కాపాడునని ఇందువలన తెలియుచున్నది.

2024 జనవరి 12న ఏఎన్-32 వార్త వెలువడినది. చెన్నైయందలి జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మనుష్యరహిత జలాంతర యంత్రము, తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున శిథిలముల ఛాయాచిత్రములను తీసినది. అవి ఏఎన్-32 భాగములతో సరిపోయినవి. ఆ ప్రాంతమున మరియే విమానమును తప్పిపోయినట్లు లేదు గనుక, ఇది ఆ విమానమే కావచ్చునని రక్షణశాఖ ప్రకటించినది. నాటికి దాదాపు ఏడున్నర సంవత్సరములు గడచినవి.

దేహము లభింపనిచో దర్భలతో ప్రతిమను కావించి దహనసంస్కారము జరుపు ఆచారము ఆంధ్రదేశమున కలదు. కాని మరణమే నిశ్చయముగ తెలియనప్పుడు ఆ దర్భలను ఏ తల్లి తెమ్మనగలదు? ఏ ఇల్లాలు బొట్టు తీయుటకు ఒప్పుకొనగలదు? కార్యాలయమునుండి వచ్చు కాగితము పింఛనుకు చాలును గాని మనస్సునకు చాలదు. సముద్రగర్భమునుండి వచ్చిన ఆ ఛాయాచిత్రములు ఎవరిని తిరిగి ఈయలేదు. ఎదురుచూచుట ఇక చాలునని మాత్రము చెప్పినవి.

సముద్రముపై ఉద్యోగులను పంపు ప్రభుత్వము వారికి ఉత్తరువుతోపాటు మరియొకటి ఈయవలసియున్నది. వారు ఎక్కు విమానము, దైవికముగ మునిగినను, తా నున్న చోటు చెప్పగలదై యుండవలెను. మేఘమును ఎవ్వరును తొలగింపలేరు. ఆ చిన్న యంత్రమును అమర్చుట మాత్రము మనుష్యుల చేతిలోని పని. విశాఖపట్టణమునుండి ఈ ద్వీపములకు పనిమీద బయలుదేరి రాలేకపోయిన ఆ ఎనిమిదిమందిని తలచుకొనుటకు ఇంతకంటె తగిన మార్గము లేదు.