"లేదా చావు": నంబర్ ప్లేట్ మీద రెండు మాటల కోసం జైలుకెళ్లిన మనిషి

ఈ ఎపిసోడ్‌లో అమెరికా రాష్ట్రాల ధ్యేయవాక్యాల గురించి మాట్లాడుకుందాం. అంటే స్టేట్ మోటోలు. మన జాతీయ చిహ్నం కింద సత్యమేవ జయతే అని ఉంటుంది కదా, అలాగే అక్కడ ఒక్కో రాష్ట్రానికీ సొంతంగా ఒక మాట ఉంటుంది. రాష్ట్ర ముద్ర మీదో, జెండా మీదో, కార్ల నంబర్ ప్లేట్ మీదో కనిపిస్తుంది.

యాభై మోటోలూ వరసగా చదివేసి వెళ్లిపోను, భయపడకండి. ఆ లిస్ట్ ఫోన్‌లో ఒక్క సెర్చ్‌తో వచ్చేస్తుంది. నాకు ఆసక్తిగా అనిపించిన ప్రశ్న వేరే ఉంది. రాష్ట్రం ఒక మాట పలికితే, అది అందులో ఉండే అందరి మాటా అయిపోతుందా? "నాది కాదు" అని ఎవరైనా అంటే ఏమవుతుంది?

ముందు సరదా మోటోలు కొన్ని చూసేద్దాం. కాలిఫోర్నియాది యురేకా. అంటే "దొరికింది!" అని. ఆర్కిమెడీస్ కథలో విన్న మాటే. 1848లో అక్కడ బంగారం బయటపడింది, మరుసటి ఏడాదే ఈ మాట రాష్ట్ర ముద్ర మీదికి ఎక్కింది. మోంటానా అయితే డొంకతిరుగుడు లేకుండా స్పానిష్‌లో "బంగారం, వెండి" అనేసింది. ఆదర్శమా? కాదు, గనుల లెక్క! వాషింగ్టన్ రాష్ట్రానిది ఆల్కై. అక్కడి ఆదివాసులూ వ్యాపారులూ మాట్లాడుకున్న చినూక్ అనే మిశ్రమ భాషలో ఆ మాటకి "మెల్లగా, ముందు ముందు" అని అర్థం. 1851లో ఇప్పటి సియాటిల్ దగ్గర దిగినవాళ్లు తమ చిన్న ఊరికి న్యూయార్క్ ఆల్కై అని పేరు పెట్టుకున్నారు. ఎప్పటికైనా న్యూయార్క్ అంత అవుతాం అని! మన తెలుగువాళ్లు చాలామంది ఉండే టెక్సస్‌ది ఒక్కటే మాట, "స్నేహం". అసలు టెక్సస్ అనే పేరే కాడో తెగవాళ్ల భాషలో స్నేహితులు అనే మాట నుంచి వచ్చింది.

మేరీల్యాండ్‌ది కొంచెం ఇబ్బందైన కేసు. పాత ఇటాలియన్‌లో ఉంటుంది. ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాలంటే "చేతలు మగవి, మాటలు ఆడవి". ఇప్పుడెవరు ఒప్పుకుంటారు? 2017లో ఏం చేశారంటే, మోటోని ముట్టుకోకుండా అధికారిక అనువాదాన్ని మాత్రం మార్చేశారు. "బలమైన చేతలు, మృదువైన మాటలు" అని. తెలివైన పనే అనుకోండి.

సరే, ఇప్పుడు అసలు కథకి వద్దాం. న్యూ హాంప్‌షైర్. చిన్న రాష్ట్రం, మోటో మాత్రం పిడుగులాంటిది: "స్వేచ్ఛగా బతుకు, లేదా చావు". స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన జనరల్ జాన్ స్టార్క్ మాట అది. 1809లో బెన్నింగ్టన్ యుద్ధం జ్ఞాపకార్థం ఒక సభ పెట్టి ఆయన్ని పిలిచారు. అప్పటికి ఆయనకి 80 ఏళ్లు, ఒంట్లో బాగాలేదు, వెళ్లలేకపోయాడు. బదులుగా ఉత్తరం రాసి అందులో ఈ మాట పంపాడు. చావు అన్నిటికన్నా పెద్ద కీడేం కాదు అని కూడా దానికి కలిపాడు. 1945లో రాష్ట్రం దాన్ని అధికారిక మోటోగా తీసుకుంది. 1971 నుంచి మామూలు కార్ల నంబర్ ప్లేట్ల మీద అచ్చు వేయడం మొదలుపెట్టింది. ఆ ప్లేట్లు తయారయ్యేది ఎక్కడో తెలుసా? రాష్ట్ర జైల్లో, ఖైదీల చేత. "స్వేచ్ఛగా బతుకు" అని వాళ్లే అచ్చు కొట్టాలన్నమాట!

ఆ రాష్ట్రంలో జార్జ్ మేనార్డ్ అనే ఆయన ఉండేవాడు. ఆయనా, ఆయన భార్యా యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకి చెందినవాళ్లు. ప్రాణం దేవుడిచ్చింది, రాజకీయ స్వేచ్ఛ కోసం చావమని నా కారు మీద నేనెందుకు చాటాలి అన్నది ఆయన వాదన. ప్లేటు మీద ఆ మాటల్ని టేపుతో కప్పేశాడు. కానీ అక్కడి చట్టం ప్రకారం ప్లేటు మీద అక్షరాలు కప్పితే నేరం. 1974 నవంబర్‌లో పోలీసులు మొదటి కేసు రాశారు. ఆయన టేపు తియ్యలేదు. కొన్ని వారాలకే మళ్లీ కేసు, ఆ తర్వాత ఇంకోటి. జరిమానా 25 డాలర్లు, తర్వాత 50. పెద్ద మొత్తమేం కాదు, కట్టేసి ఇంటికెళ్లిపోవచ్చు. "నా మనస్సాక్షి ఒప్పుకోదు" అని కట్టలేదు. 15 రోజులు జైల్లో ఉన్నాడు.

ఒక్కసారి ఆలోచించండి. స్వేచ్ఛగా బతకమని చెప్పే వాక్యాన్ని మొయ్యనన్నందుకు, స్వేచ్ఛ తీసేసి లోపల పెట్టారు.

కేసు చివరికి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1977లో తీర్పొచ్చింది, మేనార్డ్ గెలిచాడు. ప్లేటు ఉంటే కారుని గుర్తుపట్టడం తేలిక, రాష్ట్ర చరిత్ర మీద అభిమానం పెరుగుతుంది అని ప్రభుత్వం వాదించింది. మనిషి సొంత వస్తువుని ప్రభుత్వ భావాలకి తిరిగే హోర్డింగ్‌లా వాడుకోవడం కుదరదు అంది కోర్టు. మాట్లాడే హక్కులోనే మాట్లాడకుండా ఉండే హక్కు కూడా ఉందని చెప్పింది. మరి డాలర్ నోటు మీద దేవుడి మాట ఉంటుంది కదా, దాని సంగతేంటి అంటారా? కోర్టు దాన్నీ ప్రస్తావించింది. నోటు జేబులో ఉంటుంది, లోకానికి చూపిస్తూ తిరగం అని.

దీనికి దగ్గరగా మన దేశంలోనూ ఒక కేసుంది. మోటో కాదు, జాతీయ గీతం విషయం. 1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని స్కూల్ నుంచి పంపించేశారు. వాళ్లూ యెహోవా సాక్షులే. జనగణమన వస్తుంటే మర్యాదగా లేచి నిలబడేవాళ్లు, కానీ పాడేవాళ్లు కాదు. 1986లో మన సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఎందుకో ఆయన పేరు మనవాళ్లలో చాలామందికి తెలీదు.

మేనార్డ్ మోటోని వద్దన్నాడు. హవాయిలో కథ తిరగబడింది, అక్కడ మోటోనే జనం దగ్గర నుంచి పోయింది. 1843లో హవాయి ఒక స్వతంత్ర రాజ్యం. ఒక బ్రిటిష్ నౌకాధికారి వచ్చి దాన్ని ఐదు నెలలు ఆక్రమించాడు. జులై 31న బ్రిటిష్ వాళ్లే తప్పు దిద్దుకుని రాజ్యాన్ని తిరిగి అప్పగించారు. ఆ సందర్భంలో రాజు మూడో కమేహమేహా అన్న మాటకి "ఈ నేల ప్రాణం ధర్మంలోనే నిలుస్తుంది" అని అర్థం చెబుతారు. కానీ ప్రాణం అన్నచోట ఆయన వాడిన మాట "ఎయా". హవాయి భాషలో దానికి ఊపిరి అనే కాదు, సార్వభౌమత్వం అని కూడా అర్థం ఉంది. ఆ రోజు రాజు ఏది తిరిగొచ్చిందని సంతోషపడ్డాడో మీకే అర్థమవుతుంది.

1893లో అక్కడి వ్యాపారులు కొందరు, అమెరికా సైనికులు ఒడ్డున దిగిన అండతో, రాణి లిలియుకలానీని గద్దె దించారు. 1898లో హవాయి అమెరికాలో కలిసింది. 1959లో రాష్ట్రమైంది. ఆ రాష్ట్రం మోటో ఏంటనుకున్నారు? సరిగ్గా రాజు అన్న ఆ వాక్యమే. ప్రభుత్వం "ప్రాణం" అని చదువుతుంది, సార్వభౌమత్వం కోరుకునే హవాయి ఆదివాసులు "ఎయా"ని రెండో అర్థంలో చదువుతారు. 1993లో అమెరికా కాంగ్రెస్ ఆ పాత కుట్రకి క్షమాపణ చెబుతూ తీర్మానం చేసింది. నేల మాత్రం తిరిగివ్వలేదు.

ఇక రాజధాని వాషింగ్టన్ డీసీ. ఇది రాష్ట్రం కాదు. మోటో లాటిన్‌లో "అందరికీ న్యాయం". దాదాపు 7 లక్షల మంది ఉంటారు, పన్నులు కడతారు, కానీ సెనేట్‌లో ఒక్కరూ లేరు. కింది సభలో ఒక ప్రతినిధి ఉన్నా బిల్లుల మీద తుది ఓటు లేదు. అంతకన్నా తక్కువ జనాభా ఉన్న వయోమింగ్‌కి ఇద్దరు సెనేటర్లు. వయోమింగ్ మోటో "సమాన హక్కులు" మరి!

2000 నుంచి డీసీ వాళ్లు నంబర్ ప్లేట్ల మీద తమ మోటో బదులు ఫిర్యాదునే అచ్చు వేసుకుంటున్నారు: "పన్నులున్నాయి, ప్రాతినిధ్యం లేదు" అని. అధ్యక్షుడి కారు కూడా డీసీ బండే కదా. క్లింటన్ దిగిపోయే ముందు ఆ ప్లేటు పెట్టించుకున్నాడు, బుష్ తీయించేశాడు, 2013లో ఒబామా మళ్లీ పెట్టించాడు. ఓటు మాత్రం ఇంకా రాలేదు.

మీ అన్నయ్యో అక్కయ్యో అమెరికాలో ఉంటే, వాళ్ల కారు ప్లేటు మీద ఏం రాసుందో అడిగి కామెంట్‌లో పెట్టండి. టెక్సస్ వాళ్లకి మాత్రం మినహాయింపు, మీ మోటో ముందే చెప్పేశాను.