మోటారు సైకిలు వెనుక షాకప్పులు

మండపేటనుండి ఏ ఊరికి బయలుదేరినను కొంతదూరమైనను కాలువగట్టు వెంబడి పోవలసియుండును. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప తూర్పు డెల్టాకు నీరు వచ్చినది. నీటితోపాటు గట్లును, గట్లమీద బాటలును వచ్చినవి. ఆ బాటలకు నేడు తారు పూసిరి గాని, అడుగున నున్నది మాత్రము ఒండ్రుమన్నే. అది వేసవిలో బీటలు వారును, వానకు ఉబ్బును. పైనున్న తారు దానితోపాటు లేచి, దానితోపాటు కుంగును. కోతలప్పుడు ధాన్యపు లారీలును, ఏడాది పొడవునను కోడిగ్రుడ్ల వ్యానులును నడచు రోడ్లివి.

ఇట్టి రోడ్లమీద ప్రతిదినము మోటారు సైకిలు నడుపు మనము, వెనుక చక్రమునకు ఇరుప్రక్కల నిలువుగా నున్న ఆ రెండు గొట్టములను గూర్చి ఎన్నడైనను తలచుకొందుమా? వానిని షాక్ అబ్జార్బర్లు అందురు. షెడ్లలో షాకప్పులనియే వాడుక. నేనును ఆ మాటయే వాడెదను. నా మట్టుకు నేను చాలకాలము తలచుకొనలేదు. తలచుకొనవలసివచ్చిన సంగతి ముందుగా మనవిచేసెదను.

మూడేండ్ల క్రిందట, శ్రావణమాసములో, నా భార్యను వెనుక కూర్చుండబెట్టుకొని ఆలమూరు వైపునుండి ఇంటికి వచ్చుచుంటిని. సన్నని తుంపర పడుచున్నది. కాలువగట్టు మలుపున గేదె యొకటి అడ్డము వచ్చినది. వేగము గంటకు ముప్పది కిలోమీటర్లు మించి యుండదు. తడిరోడ్డున ముందుబ్రేకు పట్టుటకు భయపడి, వెనుక బ్రేకు మాత్రమే త్రొక్కితిని. అచ్చట రోడ్డు అలలు అలలుగా నున్నది. చక్రము నేలను పట్టుకొనుటకు మారుగా రెండు మూడు మారులు ఎగిరినది. ఎగిరిన ప్రతిసారియు కొంచెము ప్రక్కకు జరిగినది. బండి ఆగునప్పటికి ముందు చక్రము రోడ్డుమీదను, వెనుక చక్రము గట్టు అంచున గడ్డిలోను ఉన్నవి. క్రింద కాలువ నిండుగా పారుచున్నది. మేము పడలేదు. గేదె మావైపు చూడనైనను చూడక తన దారిని పోయినది.

ఆమె దిగి, కొంగు పిండుకొని, "నడుం నొప్పని ఆరు నెలల నుంచీ మొత్తుకుంటున్నానండీ. మీరు రోడ్డు బాగోలేదంటారు" అన్నది. నిజమే, అట్లే అంటిని. రోడ్డును అనుట సులువు. అది మారుమాట చెప్పదు గదా!

మరునాడు బండిని షెడ్డుకు తీసికొనిపోతిని. మెకానిక్కు వయసు చెల్లినవాడు. బండి వెనుకకు వంగి చూచి, ఇంకను చేయి వేయకమునుపే, "ఒక పక్కదే మార్పించారేటండి మాస్టారూ?" అని అడిగెను. ఔనంటిని. అంతకు ముందటేడు మరియొకచోట, కారుచున్న ఎడమప్రక్కదానిని మాత్రమే మార్పించితిని. రెండవది బాగుగనే యున్నదని వారనిరి, నేను వింటిని. మిగిలిన సొమ్ముతో ఏమి కొంటినో ఇప్పుడు గుర్తులేదు.

అతడు రెండు చేతులతోను సీటు వెనుకభాగమును బలముగా అదిమి వదలెను. బండి లేచినది, దిగినది, మరల లేచినది, మరల దిగినది. "లెక్కెట్టుకోండి" అనెను. మంచి షాకప్పులున్న బండి అదిమి వదలగనే లేచి, తన మట్టమునకు వచ్చి ఆగును. ఊయలవలె ఊగినచో లోపల పని ముగిసినదన్నమాట.

ఆ లోపలి పని యేది? షాకప్పునకు పైకి కనబడునది స్ప్రింగు. కుదుపును మ్రింగునది అదియేయని చాలమంది తలంతురు. స్ప్రింగు మ్రింగదు, దాచుకొనును. దాచుకొన్నదానిని మరుక్షణమే తిరిగి ఇచ్చివేయును. నులకమంచముమీద పిల్లలు గంతులు వేసినప్పుడు జరుగునది అదియే. గంతును ఆపుటకు స్ప్రింగు నడుమ ఒక గొట్టమున్నది. గొట్టములో నూనె, నూనెలో ఒక ముషలకము, ఆ ముషలకమునకు సన్నని రంధ్రములు. వసంతోత్సవమున చిమ్మనగ్రోవి పట్టినవారికి దీని గుణము తెలియును. మెల్లగా నొక్కిన సుఖముగా సాగును, వడిగా నొక్కిన మొండికెత్తును. చక్రము ఎగిరిపడునపుడు నూనె ఆ రంధ్రములగుండా బలవంతముగా దూరును. ఎగురు బలము వేడియై గాలిలో కలిసిపోవును. గతుకుల రోడ్డున దూరప్రయాణము చేసి వచ్చి ఆ గొట్టమును తాకిచూచిన వెచ్చగా నుండును. మీ నడుమునకు తగులవలసిన దెబ్బలో కొంత ఆ వెచ్చదనమైనది.

పూర్వపు జట్కాబండికి ఇట్టి గొట్టము లేదు. కమాను పట్టీలు ఒకదానితో నొకటి రాచుకొని ఊపును కొంత ఆపుకొనెడివి. తొలినాటి మోటారు సైకిళ్లకు అదియును లేదు. వెనుక చక్రమును చట్రమునకే బిగించి, సీటు క్రింద రెండు స్ప్రింగులు పెట్టి సరిపుచ్చెడివారు. ఇంగ్లండున రాయల్ ఎన్‌ఫీల్డువారు 1949 నాటి బుల్లెట్టు బండికి, వెనుక చక్రమును మోయుచు మీదికి క్రిందికి ఆడు చేయిని, దానికిరువైపుల నూనె షాకప్పులను అమర్చిరి. ఆ బండియే 1955 నుండి మద్రాసులో తయారై మన రోడ్లమీదికి వచ్చినది. ఇప్పటికిని మన ఊళ్లలో తిరుగు బండ్లు పెక్కింటి వెనుకభాగము ఆ పోలికనే యున్నది.

నూనె బయటికి రాకుండ ముషలకపు కడ్డీచుట్టు ఒక రబ్బరు సీలుండును. మన బురద ఆ కడ్డీమీద ఎండి ఉప్పుకాగితమువలె సీలును గీయును. త్రుప్పు పట్టిన కడ్డీ మరింత గీయును. నూనె బొట్టుబొట్టుగా కారిపోవును. ఈ పని ఒక్కనాడు జరిగిన పసిగట్టుదుము. రెండు మూడేండ్లు జరుగును గనుక పసిగట్టలేము. బండి చెడుచున్నకొలదియు మన శరీరము దానికి అలవాటు పడును. మలుపులో కొంచెము ముందుగనే వేగము తగ్గింతుము, గుంత కనబడగనే సీటునుండి లేతుము. చెడుగును మనకు తెలియకుండ మనమే కప్పిపుచ్చుదుము. వెనుక కూర్చున్నవారికి గుంత కనబడదు, లేచుటకు వీలులేదు. కావుననే వారికి ముందు తెలియును. మా ప్రాంతమున క్యారియరుమీద గ్రుడ్ల అట్టలు కట్టుకొని అంగళ్లకు వేయువారున్నారు. అట్టకు ముప్పది గ్రుడ్లు. సాయంత్రము పగిలినవానిని లెక్కించువానికి షాకప్పు సంగతి ఎవరును చెప్పనక్కరలేదు.

గొట్టముమీద నూనెచారయు, దానికంటిన దుమ్మును ఒక గుర్తు. టైరు అక్కడక్కడ గుంటలుగా అరుగుట మరియొకటి. గుంతలో "టక్"మని ఇనుము ఇనుమునకు తగిలిన చప్పుడు వినవచ్చినచో ఇక ఆలస్యము పనికిరాదు. అయితే ఒక్కొక్కప్పుడు చెడినది పైనను క్రిందను ఉండు రబ్బరు బుష్షు మాత్రమే కావచ్చును. అది తక్కువ ఖర్చుతో పోవు పని గనుక ముందు దానిని చూడవలెను.

ఇచ్చట చాలమంది చేయు పొరపాటొకటి కలదు. పెక్కు బండ్లకు స్ప్రింగు అడుగున అయిదు మెట్ల గాడి యుండును. బండి ఊగుచున్నదని దానిని చివరిమెట్టునకు త్రిప్పుదురు. దానివలన స్ప్రింగు బిగియును గాని, పోయిన నూనె తిరిగి రాదు. పట్టు లేని గొట్టముమీద బిగిసిన స్ప్రింగు చక్రమును మునుపటికంటె హెచ్చుగా ఎగురవేయును. నేనును అట్లే చేసియుంటిని. ఆనాడు గట్టుమీద జరిగినదానిలో దాని వాటా కొంత లేకపోలేదు.

మార్చుట కష్టమైన పని కాదు. ముందటి సాయంత్రమే నట్లమీద త్రుప్పు విడుచు నూనె చల్లి యుంచవలెను. బండిని గట్టినేలమీద సెంటరు స్టాండు వేసి నిలిపి, వెనుక టైరు క్రింద పలకచెక్క దూర్చి, బోల్టుమీద బరువు లేకుండ చేయవలెను. బోల్టు వ్రేలితో లాగిన వచ్చునట్లున్న చెక్క ఎత్తు సరిపోయినట్లు. రెండింటిని ఒక్కమారు విప్పరాదు. ఒకటి విప్పి, క్రొత్తది పెట్టి, పిదప రెండవది విప్పవలెను. రెండవది పట్టియుండుటచే చక్రము తన చోటనే యుండును. పొగగొట్టము ప్రక్కదానిని విప్పునపుడు అది చల్లారినదో లేదో చూచుకొనవలెను. నా చేతిమీద గుర్తింకను ఉన్నది.

పాతదానిని, క్రొత్తదానిని ప్రక్కప్రక్కన నిలిపి, పై కన్నమునుండి క్రింది కన్నమువరకు పొడవు సమానమో కాదో కొలువవలెను. వాషర్లు ఏ వరుసలో వచ్చినవో ఆ వరుసలోనే పోవలెను. రబ్బరుకు నూనె తగులరాదు. నట్లను చేతితో ఎక్కించి, బండిని నేలమీదికి దింపి, బరువు పడిన తరువాత పూర్తిగా బిగింపవలెను. గాలిలో వ్రేలాడునపుడే బిగించిన రబ్బరు బుష్షు మెలిపడి త్వరగా చినుగును. రెండు గాళ్లును ఒకే మెట్టున నుండవలెను. ఒక్క షాకప్పే నడిమి భాగమున దాగియున్న బండ్లు వేరు. దానిని విప్పిన చక్రమును పట్టునది వేరొకటి లేదు గనుక ఆ పనిని షెడ్డునకు వదలుట మేలు.

మంచుదేశములవారి తిప్పలు చూచిన మన పని పిల్లలాటవలె తోచును. కెనడాలో బొంబార్డియరు అను నతడు 1959లో స్కీ-డూ అను మంచుబండిని అమ్మకమునకు తెచ్చినది మొదలు అచ్చట అట్టి బండ్లు వ్యాపించినవి. వానికి వెనుక చక్రములు లేవు. వెడల్పాటి రబ్బరుపట్టా మంచుమీద త్రిరుగును. నేటి మంచుబండ్ల వెనుక షాకప్పులు ఆ పట్టా మడతలోపల నుండును. వానిని చేరుటకు తరచుగా పట్టాలోని చట్రమునంతయు దింపవలసివచ్చును. మనకు బురద, వారికి మంచు. సీలు మాత్రము ఎచ్చటనైనను కారును.

నాకు ఈసారి రెండును మార్చిరి. ఎడమప్రక్కది ఏడాదిదే గదా యని నేను సణిగితిని. ఒకటి పట్టి, ఒకటి వదలినచో చక్రమును మోయు చేయి మెలిపడుననియు, ఆ మెలి మలుపులోనే బయటపడుననియు మెకానిక్కు చెప్పెను. గట్టుమీద నేను దానిని చూచియే వచ్చితిని గనుక మారు పలుకలేదు. పిదప గొలుసు వదులు సరిచూచిరి. వెనుకభాగము కొంచెము లేచుటచే దీపపు వెలుగు రోడ్డుమీదికి దిగినది. అంతకు మునుపు రాత్రులందు ఎదుటివారు నన్ను చూచి కన్నులు మూసికొనుచు ఏమేమో అనుచుండుటకు కారణము ఆనాడు తెలిసినది. వారము దినముల తరువాత నట్లు మరియొకమారు బిగించి చూపించుకొంటిని.

పాత షాకప్పులను పిల్లలకు ఆటకు ఈయరాదు. స్ప్రింగును పనిముట్టు లేకుండ విప్పబోయిన అది ఎగిరి మొగమునకు తగులును. కొన్నింటిలో నూనెపైన గాలియో నత్రజనియో ఒత్తిడితో నింపియుందురు. అట్టివానిని తొలుచుట, నిప్పులో వేయుట ప్రాణాపాయము. కారిన నూనెను కాలువలో పోయక, డబ్బాలో పట్టి షెడ్డువారికి ఇచ్చిన, పాత ఇంజను నూనెతోపాటు వారే పంపివేయుదురు.