డక్ట్ క్లీనింగ్ నిజంగా అవసరమా? డల్లాస్ పాత ఇంటి నుంచి మన పేట స్ప్లిట్ ఏసీ దాకా

ఈ ఎపిసోడ్ ఏసీ గురించి. ఏ ఏసీ కొనాలి, ఎన్ని స్టార్లు అనే వీడియో కాదిది, అవి బోలెడున్నాయి. ఇది ఏసీ క్లీనింగ్ పేరుతో జరిగే వ్యాపారం గురించి. ఎప్పుడు డబ్బులు పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు, ఎదురుగా ఉన్న మనిషి నిజం చెప్తున్నాడో లేదో ఎట్లా తెలుసుకోవాలి, ఈ మూడే మాట్లాడుకుందాం.

మన మాచర్ల అక్క ఒకావిడ డల్లాస్ దగ్గర ఉంటారు. మెసేజ్ పెట్టారు. "తమ్ముడూ, మేం 1970ల్లో కట్టిన ఇల్లు కొన్నాం. 99 డాలర్లకే ఇల్లంతా డక్ట్ క్లీనింగ్ అని ఫోన్ వస్తే రమ్మన్నాం. వచ్చినతను లోపల బ్లాక్ మోల్డ్ ఉంది, ట్రీట్‌మెంట్‌కి 1,400 డాలర్లు అవుతుంది అంటున్నాడు. మా అత్తయ్యకి ఆస్తమా. ఆమె ఈ గాలే పీలుస్తోంది, ఇవాళే చేయించకపోతే ప్రమాదం అంటున్నాడు. ఏం చెయ్యమంటావ్?"

చూశారా, 99తో మొదలై 1,400కి వెళ్లింది. మధ్యలో అత్తయ్య ఆస్తమా వచ్చి చేరింది.

ముందు డక్ట్ అంటే ఏందో చూద్దాం. మన పల్నాడు ఇళ్లల్లో అది ఉండదు. కానీ సినిమా హాల్లోనో, పెద్ద ఏసీ ఫంక్షన్ హాల్లోనో పైన జాలీల్లోంచి చల్లగాలి వస్తుంది కదా, ఆ జాలీ వెనకాల ఉండే రేకు గొట్టమే డక్ట్. అమెరికాలో చాలా ఇళ్లల్లో గదికో ఏసీ ఉండదు. ఒకచోట పెద్ద మెషీన్ ఉంటుంది. అక్కడ వేడి చేసిన గాలి, లేదా చల్లబరిచిన గాలి, గొట్టాల్లోంచి ప్రతి గదికీ వెళ్తుంది. మన ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంక్ నుంచి ఇంటింటికీ పైపులు వెళ్తాయి చూడండి, అట్టా అన్నమాట. తేడా ఏందంటే ఇక్కడ గాలి మళ్లీ ఇంకో గొట్టంలోంచి వెనక్కి మెషీన్‌కే వస్తుంది. వచ్చేటప్పుడు ఇంట్లో దుమ్ము, వెంట్రుకలు, కుక్క బొచ్చు అన్నీ తెస్తుంది. దాన్ని ఆపడానికి ఫిల్టర్ ఉంటుంది. ఫిల్టర్ మార్చకపోతే ఆ దుమ్ము లోపలికెళ్లి కూర్చుంటుంది.

అంటే డక్టుల్లో దుమ్ము ఉంటుంది, అది నిజమే. మరి క్లీన్ చేయించాలా? అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఉంది, ఈపీఏ అంటారు. వాళ్లు 1997లోనే దీని మీద ఒక బుక్‌లెట్ వేశారు. డక్ట్ క్లీనింగ్ వల్ల జబ్బులు రాకుండా ఆగుతాయని ఇంతవరకు రుజువు కాలేదు అని అందులో సూటిగా చెప్పారు. డక్టు గోడకి అంటుకుపోయిన దుమ్ము గదిలోకి రావాలనేం లేదు. ఏటా ఓసారి చేయించండి అని వాళ్లు చెప్పరు, అవసరమైతేనే అంటారు. ఆ అవసరం మూడు సందర్భాల్లో వస్తుంది. ఒకటి, డక్టు లోపల గానీ మెషీన్‌లో గానీ బూజు కళ్లకి కనపడితే. రెండు, ఎలుకలో పురుగులో లోపల కాపురం పెడితే. మూడు, గొట్టం మూసుకుపోయేంత చెత్త పేరుకుని జాలీలోంచి గదిలో రాలుతుంటే.

ఇంకో మాట రాసిపెట్టుకోండి. ఈపీఏ ఏ డక్ట్ క్లీనింగ్ కంపెనీకీ సర్టిఫికెట్ ఇవ్వదు. "మేం ఈపీఏ సర్టిఫైడ్" అని ఎవరైనా అంటే అక్కడే అబద్ధం దొరికిపోయినట్టే.

అక్కకి నేను మూడు ప్రశ్నలు పంపా. ఒకటి, బూజు ఎక్కడుందో ఆ జాలీ విప్పి నా కళ్లకి చూపించు. రెండు, అది బూజేనని ఎట్టా చెప్తున్నావ్? ఎందుకంటే చూడగానే నల్లగా ఉన్నదల్లా బూజు కాదు, శాంపిల్ తీసి ల్యాబ్‌లో చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది. మూడు, ఏయే భాగాలు క్లీన్ చేస్తావో కాగితం మీద రాసివ్వు. గొట్టాలొక్కటే చేస్తే సరిపోదు. గాలి చల్లబడే కాయిల్, నీళ్లు కారే ట్రే, ఫ్యాన్, అన్నీ చెయ్యాల. అవి వదిలేస్తే దుమ్ము మళ్లీ మొదటికొస్తుంది.

మొదటి ప్రశ్నకే అతను ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడంట. "ఇది మా ఇంట్లో ఏ జాలీ?" అని అక్క అడిగితే చెప్పలేకపోయాడు. అక్కడితో పంపించేశారు.

కథ అయిపోలేదు. తర్వాత వాళ్లు పద్ధతిగా పనిచేసే ఇంకొకరిని పిలిపించి అటక మీద చూపించారు. బూజు లేదు. కానీ ఒక గొట్టం జాయింట్ ఊడి ఉంది, అందులో ఎలుకలు గూడు పెట్టుకున్నాయి. పైన చెప్పిన మూడింట్లో రెండోది! కాబట్టి క్లీనింగ్ చేయించారు, జాయింట్ బిగించారు, ఫిల్టర్ మార్చారు. అవసరం నిజంగానే ఉంది. మొదట వచ్చినవాడు దాన్ని వెతకనే లేదు, చేతిలో ఉన్న భయాన్ని అమ్మబోయాడు. అత్తయ్య ఆస్తమా సంగతి అంటారా, దానికి మందు డాక్టర్ రాసిచ్చిన ఇన్‌హేలరే. డక్ట్ క్లీన్ అయింది కదా అని అది మానేయడానికి లేదు.

పాత ఇళ్ల విషయంలో ఒక సీరియస్ హెచ్చరిక. అక్కడ మీకు ఎవరైనా ఉంటే ఈ ముక్క తప్పకుండా ఫార్వర్డ్ చెయ్యండి. పాత అమెరికన్ ఇళ్లల్లో గొట్టాల చుట్టూ చుట్టిన తెల్లటి టేపు, పట్టీల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మన ఊళ్లో పాత సిమెంట్ రేకుల్లో ఉండేదే. కదిలించనంత సేపు అది అట్టా పడుంటుంది. బ్రష్ పెట్టి గీకితే ఆ పీచు గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, కాన్సర్ దాకా తీసుకెళ్లగలదు. అనుమానం ఉంటే మామూలు క్లీనింగ్ మనుషుల్ని చెయ్యి వెయ్యనివ్వొద్దు. దానికి శిక్షణ ఉన్నవాళ్లే రావాలి.

సరే, అమెరికా సంగతి అట్టా ఉంచుదాం. "అన్నా, మా నరసరావుపేటలో డక్టు ఎక్కడుంది, మాకెందుకు ఇదంతా?" అని మీరు అడగొచ్చు.

మీ హాల్లో ఉన్న స్ప్లిట్ ఏసీ చూడండి. పైనుంచి గాలి లోపలికి పోతుంది. ఫిల్టర్ దాటుతుంది, చల్లటి కాయిల్ దాటుతుంది, పొడుగ్గా గుండ్రంగా ఉండే బ్లోయర్ దాన్ని కిందికి తోస్తుంది. అక్కడ ఇల్లంతా పాకే దారి, ఇక్కడ ఒక డబ్బాలో సర్దుకుంది. దారి చిన్నది, దుమ్ము మాత్రం మనదే ఎక్కువ. పిడుగురాళ్ల సున్నం బట్టీల పక్కన ఉండేవాళ్లకి, సిమెంట్ లారీలు తిరిగే రోడ్డు మీద ఇల్లున్నవాళ్లకి, పత్తి, మిర్చి సీజన్లో కల్లాల పక్కన ఉండేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఇక ఎండ అంటారా, వేసవిలో వార్తల్లో రెంటచింతల పేరు రాని సంవత్సరం ఉందా?

ఆ ఎండలో ఏసీ చల్లగా రావట్లేదని ఫోన్ చేస్తాం. 299కే సర్వీస్ అని ఎక్కడో చూసి పిలుస్తాం. వచ్చినతను రెండు నిమిషాలు చూసి ఒకే డైలాగ్ కొడతాడు. "గ్యాస్ అయిపోయింది సార్, మూడు వేలవుద్ది."

ఇక్కడ ఆగండి. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్ లాంటిది కాదు, వాడితే అయిపోదు. ఒంట్లో రక్తం లాగా మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది, అంతే. పదేళ్లయినా లీక్ లేకపోతే తగ్గదు. తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉంది. లీక్ పట్టుకోకుండా గ్యాస్ ఎక్కించడం అంటే చిల్లు కుండలో నీళ్లు పొయ్యడమే, కొన్నాళ్లకి మళ్లీ అదే ఫోన్, మళ్లీ అదే మూడు వేలు.

మరి చల్లదనం ఎందుకు తగ్గింది? చాలాసార్లు ఫిల్టరూ కాయిలూ దుమ్ముతో మూసుకుపోయి ఉంటాయి. గాలే ఆడకపోతే చల్లదనం గదిలోకి ఎట్టా వచ్చిద్ది? ఒక్కోసారి కాయిల్ మీద ఐస్ కూడా కడుతుంది. ఐస్ చూపించి గ్యాస్ తక్కువ అంటారు. గ్యాస్ తగ్గినా ఐస్ కడుతుంది, దుమ్ముతో గాలి ఆగినా కడుతుంది. రెంట్లో ఏదో తేల్చకుండా డబ్బులు తీసుకోవడం, లాగ్స్ చూడకుండా సర్వర్ మార్చెయ్యమన్నట్టు ఉంటుంది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఎవరైనా అట్టా అంటే మా టీమ్ ఒప్పుకునేది కాదు. ఇంట్లో మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

కాబట్టి వరస ఇది. ముందు మెయిన్ స్విచ్ గానీ ఎంసీబీ గానీ ఆపండి, రిమోట్‌తో ఆపితే చాలదు. ఫిల్టర్ తీసి మామూలు నీళ్లతో కడగండి, నీడలో ఆరబెట్టండి, పూర్తిగా ఆరాకే పెట్టండి. మన దుమ్ముకి వేసవిలో రెండు వారాలకోసారి, బట్టీల దగ్గరైతే వారానికోసారి. పైసా ఖర్చు లేదు. బయట యూనిట్‌కి అడ్డంగా బట్టలు ఆరేసినా, గోనె సంచులు పెట్టినా తీసెయ్యండి, అది కూడా గాలి పీల్చుకోవాలి. ఇవి చేశాక కూడా చల్లబడకపోతే అప్పుడు మెకానిక్‌ని పిలవండి.

వచ్చినాయన లోపల కాయిల్, బ్లోయర్, ట్రే, డ్రెయిన్ పైపు, బయట కాయిల్, అన్నీ కడగాలి. కింద సంచి కట్టి, ఎలక్ట్రికల్ బోర్డు కప్పి, జెట్ పంప్‌తో చేస్తారు. అంతా అయ్యాక కూడా గ్యాస్ తక్కువ అంటే గేజ్ పెట్టి చూపించమనండి. లీక్ ఎక్కడో సబ్బునీళ్ల బుడగలతో చూపించమనండి. అది సరిచేసి, వాక్యూమ్ చేసి, అప్పుడు ఎక్కించమనండి. ఏ గ్యాసో యూనిట్ మీద స్టిక్కర్‌లో ఉంటుంది. పాతవాటిలో ఆర్ 22, ఇప్పటివాటిలో ఎక్కువగా ఆర్ 32. ఒకదాని బదులు ఇంకొకటి పొయ్యడానికి లేదు. పైగా ఆర్ 32కి కొంచెం మండే గుణం ఉంది, పక్కన బీడీ, సిగరెట్ వెలిగించనివ్వొద్దు.

పాత మిద్దెల్లో ఉండేవాళ్లకి ఇంకొక్క మాట. ఫ్యాన్లకీ లైట్లకీ వేసిన ముప్పై ఏళ్ల నాటి వైరు మీద ఏసీ తగిలించొద్దు. దానికి విడిగా లైను, ఎంసీబీ, సరైన ఎర్త్ ఉండాలి. ఎర్త్ లేని ఇంట్లో నీళ్లతో ఏసీ కడగడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే.

కూలర్ ఉన్నవాళ్లూ వినండి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, గడ్డి ప్యాడ్ మీద తెల్లగా పేరుకుంటుంది. వారానికోసారి నీళ్లు మొత్తం తీసేసి, తొట్టి రుద్ది, ఆరబెట్టండి. నిలవ నీళ్లలో డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది. ఈ పని చిన్నది, కానీ ఇంట్లో పసిపిల్లలుంటే అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

ఇక చివరిగా నేను అసలు చెప్పాలనుకున్నది. 99 డాలర్లకి ఇల్లంతా క్లీనింగ్ ఎట్టా కుదురుతుంది? ఈపీఏ చెప్పిన లెక్కలోనే మామూలుగా 450 నుంచి 1,000 డాలర్ల దాకా అవుతుంది. 299 రూపాయలకి ఇద్దరు మనుషులు బండి వేసుకుని, పంపు మోసుకొచ్చి, మిట్టమధ్యాహ్నం గోడెక్కి గంటన్నర పనిచేస్తే వాళ్లకి ఏం మిగులుతుంది? ఖర్చులకే చాలని రేటుకి వచ్చిన మనిషి మిగతాది మన ఇంట్లోకి వచ్చాకే రాబట్టుకుంటాడు. మోల్డ్ అనో, గ్యాస్ అనో. నిజాయితీగా ఆరేడు వందలు చెప్పిన మన వీధి మెకానిక్‌ని మూడొందలకి బేరమాడి, చివరికి మోసగాడికి మూడు వేలు ఇచ్చేది కూడా మనమే. మంచి పనికి దాని ధర ఇవ్వండి. పేరుకున్న దుమ్ము, లీకు, పాత పార్టు, ఏదైనా సరే, చూపించాకే ఇవ్వండి.

మీలో చాలామంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు, ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఒక్కళ్లే ఉంటారు. మెకానిక్ వచ్చినప్పుడు వీడియో కాల్ చెయ్యమని చెప్పండి. గేజ్ ఎంత చూపిస్తోందో, బుడగలు వస్తున్నాయో లేదో మీరే చూడొచ్చు. "బాబాయ్, ఒక్కసారి కెమెరా అటు తిప్పండి" అని మర్యాదగా అడగండి. నిజంగా పని తెలిసినాయన సంతోషంగా తిప్పుతాడు.

మీ ఊళ్లో పని బాగా చేసే మెకానిక్ ఉంటే ఆయన్ని అడిగి, ఒప్పుకుంటేనే ఊరి పేరుతో కామెంట్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇన్వర్టర్ బ్యాటరీల గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.