మన యిండ్లలో పాట
(యుగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఊత్తంగరైలో మన తెలుగు యిండ్ల సంగీతాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము కచేరీలు విని పెరిగినవారము కాము. మాకు తెలిసినది యింటి పాట. ఉయ్యాల దగ్గర లాలి, హారతి పళ్ళెం దగ్గర మంగళం, పెండ్లిలో అప్పగింతల పాట. ఇది సంగీతమని మాకెవరూ చెప్పలేదు. మాటలతోబాటే చెవిని పడింది.

తరువాత రేడియో వచ్చింది. దానికి తపాలా ఆఫీసులో యేటేటా లైసెన్సు రుసుము కట్టాలి. ఆ పద్ధతి 1980లలో గాని పోలేదు. పెట్టెమీద లేసుగుడ్డ, మిద్దెమీద ఏరియల్. మీట తిప్పితే వాల్వులు వేడెక్కేదాకా మౌనం. యింటిల్లిపాదీ దాని చుట్టూ కూర్చొనేవాళ్ళము. పగలు మద్రాసు. 1938లో వెలసిన ఆ కేంద్రం తమిళంతోబాటు తెలుగూ వినిపించేది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ఆరంభమయింది గాని, మాకది అందేది రాత్రివేళనే. పొద్దుగూకితే మీడియం వేవ్ తరంగాలు ఆకాశపు పైపొరకు తగిలి దూరాలకు దిగుతాయి. "చీకటి పడనీ, తెలుగు వస్తుంది" అనేవారు మా పెద్దలు. ఆ గరగరలో పల్లవి చిక్కేది, చరణం జారిపోయేది. జారిన చరణాన్ని మా అమ్మలు సొంతంగా పూరించి పాడుకొనేవారు. మాకైతే యిప్పటికీ ఆ పూరణలే రుచి!

1957లో 'మాయాబజార్' తెలుగులోను తమిళంలోను వెలువడింది. ఘటోత్కచుని భోజనపు పాటను తెలుగులో మాధవపెద్ది సత్యం, తమిళంలో తిరుచ్చి లోగనాథన్ పాడారు. తెరమీద మాత్రం రెంటా రంగారావుగారే. మా వీధి పిల్లలకు వరుస ఒకటే, మాటలు రెండు. ఏది గొప్పదని తగవు వస్తే తీర్చడానికి రంగారావుగారు రారు గదా.

మమ్ములను నిజంగా ఆశ్చర్యపరచినది పొరుగు తమిళుల యింట సంగీత పాఠం. అమ్మాయి వర్ణాలు దాటి కృతులకు వచ్చింది. చెవి ఒగ్గి వింటే, మాటలు మనవి! 1847లో తిరువయ్యారులో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి యింటిభాష తెలుగే కదా. పుస్తకం మాత్రం తమిళ లిపి. అందులో క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్షరం ఒకటే. అందుచేత తేడా తెలియడానికి పక్కన 2, 3, 4 అంకెలు అచ్చువేస్తారు. అంకె చూచి పలకడం ఆ పిల్ల పని, అర్థం చెప్పడం మా అమ్మల పని. బదులుగా ఆ తల్లి మార్గళి నెలలో మాకు తిరుప్పావై నేర్పింది.

ఇప్పుడా అంకెల పద్ధతి మన యిండ్లలోకే వచ్చింది. 2006 చట్టం తరువాత బడిలో తమిళం తప్పనిసరి పాఠమయింది. ఉన్న ఊరి భాష నేర్వడం మాకు కష్టం కాదు. అది లేనిదే బ్రతుకు జరుగదు. కాని తెలుగు అక్షరం నేర్పే భారం యింటిమీద పడింది, యిల్లేమో తీరిక లేదంటున్నది. మన పిల్లలు లాలిపాటను తమిళ లిపిలో వ్రాసుకొంటున్నారు. అంకె మరచితే 'గ' 'క' అవుతుంది, 'భ' 'ప' అవుతుంది. అవ్వ నవ్వుతుంది, మనుమరాలు సిగ్గుపడి పాట మానుకొంటుంది. మాకు భయం ఆ మానుకోవడమే. అవ్వలారా, నవ్వకండి. పాడనీయండి, అక్షరం వెనుక దిద్దవచ్చు.

పెద్ద విద్వాంసుల పాట యూట్యూబులో కావలసినంత దొరుకుతుంది. మన అవ్వల పాట అక్కడ లేదు. సెల్‌ఫోనులో పట్టి, తెలుగులో వ్రాసి యిస్తే వచ్చే యుగాది సంచికలో అచ్చువేయడానికి కార్యవర్గం ఒప్పుకొన్నది. సగమే జ్ఞాపకముంటే సగమే పంపండి.