విషవాయువును గంధకంగా మార్చే స్ఫటికం



ఆవడి నుంచి తిరువళ్లూరు, తిరుత్తణి దాకా ఇళ్లు పెరిగినకొద్దీ సెప్టిక్ ట్యాంకులూ, మురుగు కాలువలూ పెరుగుతున్నాయి. వాటిలో గాలి ఆడనిచోట మలినాలు కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు మించితే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. వాసన లేదు కదా అని దిగిన మనిషి ప్రాణాలకే ముప్పు. ఈ వాయువును మామూలు గాలి సాయంతో గంధకంగా మార్చే ఒక స్ఫటికాన్ని గురించి ఈవేళ చెప్పుకుందాం.

ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది పాలీఆక్సోమెటలేట్. పేరు కొత్తదైనా ఈ జాతి పదార్థంతో మన రైతులకు పరిచయం ఉంది. భూసార పరీక్షలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపినప్పుడు వచ్చే నీలిరంగును బట్టి భాస్వరం ఎంతుందో చెబుతారు. ఆ రంగు దీనిదే. 1826లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ ఈ రకం పదార్థాన్ని పసుపురంగు అవక్షేపంగా వర్ణించాడు. 1933లో కెగ్గిన్ టంగ్‌స్టన్‌తో కూడిన ఇలాంటి పదార్థపు అమరికను ఎక్స్-కిరణాలతో తేల్చాడు. నడుమ ఒక భాస్వరం, చుట్టూ 12 టంగ్‌స్టన్ పరమాణువులు, వాటిని కలిపే ఆక్సిజన్ పరమాణువులు మొత్తం 40.

ఈ గుత్తి ఎలక్ట్రాన్లను సులువుగా తీసుకుంటుంది, తిరిగి ఇస్తుంది. అందుకే మంచి ఉత్ప్రేరకం. అంటే తాను ఖర్చు కాకుండా రసాయన చర్యను త్వరపరుస్తుంది. కాని చాలా రకాలు నీటిలో కరిగిపోతాయి. కరిగినదాన్ని మళ్లీ పట్టుకోవడం కష్టం.

రెండో భాగం పందిరి లాంటిది. రాగి పరమాణువులు రాటలు, సేంద్రియ ఆమ్లపు అణువులు వాసాలు. ఇలాంటి లోహ-సేంద్రియ చట్రాల రూపకల్పనకే 2025లో కిటగావా, రాబ్సన్, యాగీలకు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

తయారీ ఇలా ఉంటుంది. రాగి లవణం, సేంద్రియ ఆమ్లం, పాలీఆక్సోమెటలేట్ మూడింటినీ నీటిలో కలిపి, మూత బిగించిన పాత్రలో వేడిచేస్తారు. గుత్తి చుట్టూనే పందిరి అల్లుకుంటుంది. గుమ్మం ఇరుకు కనుక గుత్తి బయటికి జారదు, చిన్న వాయు అణువులు మాత్రం వచ్చిపోతాయి.

2011లో అమెరికాలో క్రెయిగ్ హిల్ బృందం, యాగీ బృందం కలిసి రాగి చేర్చిన టంగ్‌స్టన్ గుత్తిని ఇలా బంధించాయి. అది గాలిలోని ఆక్సిజన్‌తోనే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను గంధకంగా మార్చింది. పైగా పందిరి గుత్తిని, గుత్తి పందిరిని నిలబెట్టాయి. విడివిడిగా ఉన్నప్పటికంటే రెండూ గట్టిపడ్డాయి.

మన దగ్గరా ఈ రంగంలో కృషి ఉంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సమర్ కుమార్ దాస్ బృందం పాలీఆక్సోమెటలేట్ స్ఫటికాలపై విస్తృతంగా పరిశోధించింది.

అయితే ప్రయోగశాలలో గెలిచింది మురుగు కాలువలో గెలవాలంటే ఇంకా పరీక్షలున్నాయి. తేమకు ఎన్నాళ్లు తట్టుకుంటుంది? పుట్టిన గంధకం రంధ్రాలను మూసేస్తే ఎలా శుభ్రం చేయాలి? ఖర్చు ఎంత? వీటికి జవాబులు దొరకాలి.

అంతవరకు మన రక్షణ మన చేతిలోనే ఉంది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మీ ఇంటి ట్యాంకు నిండితే యంత్రమున్న బండిని పిలిపించండి. మూత తీశాక వాసన రాకపోయినా ఎవరినీ లోపలికి దిగనివ్వకండి.