చలికాలపు పెరటికి ఉగాదినాటి పని

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది పచ్చడి తిని, విసనకఱ్ఱలు పట్టుకొని కూర్చున్న మీకు చలికాలపు కూరపాదులను గురించి చెప్పబోవుచున్నాము. మతిపోయినదని తలంపకుడు. కార్తీకములో కాయ తినవలెనన్న చైత్రములోనే చేయవలసిన పనులు రెండున్నవి: గొయ్యి తీయుట, గింజ దాచుట.

ఈ ఖుర్దారోడ్డు నేల మీకు తెలిసినదే. గునపము వేసిన ఖంగుమను ఎఱ్ఱరాతి మట్టి, పులుపు నేల. క్వార్టరు వెనుక మాకున్నది ఇరువదడుగుల పొడవు, పదునైదడుగుల వెడల్పు. ఒక మూల మూడడుగుల గొయ్యి తీసి, ఇప్పుడు రాలుచున్న ఆకులు, వంటింటి తొక్కలు, పేడ పొరలుగా వేసి, నీళ్లు చల్లి మన్ను కప్పుదుము. ఆకులు తగులబెట్టువారిని చూచిన మాకు బియ్యము పారబోసినట్లుండును. వానలు తగ్గునాటికి అది నల్లని ఎరువగును. పులుపు విరుచుటకు బూడిద కావలెను. గ్యాసు పొయ్యిలు వచ్చి ఇండ్లలో బూడిద కరవైనది గనుక కట్టెల పొయ్యి మీద వడలు వేయు కొట్టునుండి తెచ్చుకొందుము. కొట్టతను డబ్బు తీసికొనడు, వంకాయలు తీసికొనును!

ఆశ్వయుజములో మళ్లు ఎత్తుగా కట్టి టమాటా, వంగ, క్యాబేజీ నార్లు పోయుదుము. అంతయు ఒక్కసారి పోయము. సగము మడిలో, తక్కిన సగము పదునైదు దినములాగి వరండాలో తట్టలలో. ఈ జాగ్రత్త పుస్తకమువలన రాలేదు. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురము వద్ద ఫైలిన్ తుపాను తీరము దాటినప్పుడు మా నారు, పందిరి సమస్తము పోయినవి.

నారు బజారులో దొరకును. దొరకనిది చిక్కుడు. మా అమ్మ ఇచ్ఛాపురము దగ్గరి పల్లెనుండి కొంగున ముడివేసి తెచ్చిన గింజ అది. పొట్టి కాయ, పగళ్లు కురచబడిన గాని పూయదు, సంక్రాంతి కూరకు సాటిలేనిది. ఆషాఢములో డబ్బా దులిపి గింజలన్నియు పెట్టివేసితిమి, తెలివితక్కువ పని. పల్లెకు ఫోను చేసితిమి. అచ్చటి పాదులను అదే తుపాను తిన్నది. అమ్మ రెండు దినములు ఎవరితోను సరిగా మాటాడలేదు.

అప్పుడు ఆఫీసులో ప్రక్కబల్ల ఒడియా మిత్రుడు జ్ఞాపకము చేసెను. అంతకు ముందేడు మేము అతనికి గుప్పెడు గింజలిచ్చితిమట! వాళ్ల నాయనమ్మ వానిలో కొన్ని బూడిదలో కలిపి కుండలో దాచినదట. మరుసటి సోమవారము కాగితపు పొట్లము తెచ్చి బల్లమీద పెట్టెను. అమ్మ దానిని విప్పి ఒక్కొక్క గింజ లెక్కపెట్టినది. నలుబది మూడు.

అప్పటినుండి తీగమీదనే ఎండిన కాయలు కోసి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, ఒక వంతు పెట్టుటకు, ఒక వంతు దాచుటకు, ఒక వంతు ఇరుగుపొరుగుకు తీయుచున్నాము. హైబ్రిడ్ కాయల గింజలు దాచిన లాభము లేదు. మరుసటి యేడు తల్లివలె కాయవు.

ఇంటికి కావలసినదంతయు పండునని గొప్పలు చెప్పము. ఉల్లి, బంగాళాదుంప కొనుచునే యున్నాము. చలికాలపు కాపు వచ్చిన పిమ్మట మాత్రము ఆకుకూరకు, వంగకు, టమాటాకు, చిక్కుడుకు బజారుకు పోము. రేపు బదిలీయైన ఎవరు తిందురని అడుగుదురు. ఎరువు గొయ్యి తరువాత వచ్చినవారికి. గింజల డబ్బా మాతో రైలెక్కును.

ఇంటికి పదేసి చిక్కుడు గింజలు పొట్లములు కట్టి తలుపు ప్రక్క బల్లమీద నుంచినాము. ఆషాఢములో నేల బాగుగా తడిసిన పిమ్మట పెట్టుడు. అంతవరకు పిల్లలు వేయించుకొని తినకుండ చూడుడు.