నారింజ ఏ ఊరి మాట?

వరంగల్లు బజారులో పండ్ల బండి చెంత నిలబడితే సంత్రా, మోసంబి, బత్తాయి, కమలా అని నాలుగు పేర్లు చెవిని పడతాయి. బడి పుస్తకంలో మాత్రం బొమ్మ క్రింద 'నారింజ' అని ఉంటుంది. సంత్రా అన్న పిల్లవాణ్ణి "అది తెలుగు కాదు" అని దిద్దడం మనకు పరిపాటి. ప్రసంగాలలో మోసంబి అన్న మాట దొర్లితే శ్రోతలు కొందరు అదే అభ్యంతరం తెలుపుతూ ఉంటారు. ఆ దిద్దుబాటు ఎంత న్యాయమో నేడు విచారిద్దాం.

నారింజ సంగతి ముందు చూద్దాం. తమిళుల నారత్తై, మలయాళుల నారంగ, సంస్కృతంలోని నారంగం ఒక్క కుదుటివే. మూలం ద్రావిడమని పలువురు భాషావేత్తల అభిప్రాయం. ఈ మాట పారశీకంలో నారంగ్ అయింది. అరబ్బుల నోట నారంజ్ అయింది. చేదూ పులుపూ కలిసిన ఆ పండును మధ్యధరా తీరాలకు కొనిపోయినవారు అరబ్బులే. ఇటలీలో ఒక చిత్రం జరిగింది. 'ఒక' అనే అర్థంగల 'ఉన' అనే మాట పక్కనే ఉండి నరంచలోని మొదటి నకారాన్ని మ్రింగివేసింది; అరంచ మిగిలింది. ఆంగ్లేయుల ఆరెంజికి తల లేకపోవడం ఇటువంటి కథే. హంగరీవారు మాత్రం ఆ నకారాన్ని పోగొట్టుకోక నేటికీ 'నరంచ్' అంటారు. వారి పొరుగున చెకులు 'పొమెరంచ్' అనీ, స్లొవాకులు 'పొమరంచ్' అనీ అంటారు. పొమొ అంటే ఇటాలియనులో పండు. దానికి అరంచను తగిలించిన సమాసమే ఉత్తరానికి సాగి వారిని చేరింది. హంగరీ భాషకూ చెకుల భాషకూ చుట్టరికం లేకపోయినా ఈ పండు పేరుతో వియ్యం కుదిరింది.

మరి బత్తాయి? డచ్చివారు 1619లో జావాలో నెలకొల్పిన బటేవియా, అనగా నేటి జకార్తా, పేరు నుండి పుట్టిన మాట అది. డచ్చివారి వర్తకశాల మచిలీపట్టణంలో ఉండేది. ఆ రేవు నాడు గోలకొండ సుల్తానుల ఏలుబడిలోనిదే. ఆ పండునే హిందీవారు మొజాంబిక్ పేరిట మోసంబి అన్నారు. తమిళులు ఉత్తరార్కాటు సీమలోని ఒక గ్రామం పేరిట సాత్తుకుడి అన్నారు. నల్లగొండ తోటలో కాసిన కాయ ఒక్కటే, దానికి పేరిచ్చిన ఊళ్ళు మూడు! ఇంతకన్న వింత అరబ్బులది. లోకానికి నారంజ్ పంచిన వారు తీపి నారింజ రాగానే దానిని పోర్చుగల్లు పేరిట బుర్తుఖాల్ అన్నారు; పాత మాట చేదు పండుకు మిగిలింది.

సంత్రా కూడా పోర్చుగల్లులోని సింత్రా పట్టణం పేరేనని ఒక వాదం ఉంది. నాకది సమ్మతం కాదు. వాస్కో డ గామా కళ్ళికోటలో దిగినది 1498లో. 1530లో గతించిన బాబరు తన స్వీయచరిత్రలో సంగ్తరాను పేర్కొన్నాడు. అంత స్వల్పకాలంలో ఆ పేరు పడమటి కడలి నుండి ఆగ్రా వరకు పాకిందనడం కష్టం.

కాగా బత్తాయి ఎంత పరదేశో మోసంబీ అంతే. ఒకటి డచ్చివారి ఓడలతో కోస్తాకు వచ్చింది, మరొకటి ఉర్దూ పలుకుబడితో తెలంగాణకు వచ్చింది. మొదటిదానికి పీట వేసి రెండవదానిని గుమ్మంలో నిలబెట్టడానికి భాషాశాస్త్రంలో ఆధారం లేదు. అనాస మాట చూడండి. దక్షిణ అమెరికా ఆదివాసుల పలుకు అది. పోర్చుగీసువారి వెంట మన దేశానికి వచ్చింది. చెకులది అననస్, హంగరీవారిది అననాస్. అది తెలుగు కాదని మన ఇళ్ళలో ఏ పిల్లవాణ్ణీ దిద్దినవారు లేరు.